కార్డు నాది, అందం ఎవరిది?

2022 ఆగస్టులో అమెరికాలో ఒక అట్టముక్క 1.26 కోట్ల డాలర్లకు వేలంలో పోయింది. వెడల్పు రెండున్నర అంగుళాలకు కాస్త ఎక్కువ, పొడవు మూడుముప్పావు అంగుళాలు. వెనక నీలం రంగు, ముందు బ్యాటు భుజాన పెట్టుకుని పైకి చూస్తున్న మిక్కీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడు. 1952లో టాప్స్ కంపెనీ బబుల్‌గమ్ పొట్లంలో పెట్టి పిల్లలకు అమ్మిన కార్డు అది. ఇంత ధర పలికింది కదా, పాత బేస్‌బాల్ కార్డులన్నిటిలోకీ అందమైనది ఇదేనా అని ఆ కార్డులు కూడబెట్టేవాళ్లని అడిగి చూడండి. కాదనేవాళ్లు బోలెడుమంది. దానికన్నా చాలా చవగ్గా దొరికే 1953 నాటి బౌమన్ కంపెనీ కార్డులు చూపించి, అందమంటే ఇదీ అంటారు. ఇంకొకరు అంతకు నలభై ఏళ్ల ముందు సిగరెట్ పెట్టెల్లో వచ్చిన బొమ్మల్ని ముందుకు తోస్తారు. అక్కడినుంచి వాదన మొదలై తెల్లవార్లూ సాగుతుంది. (మన దగ్గర కలెక్టరంటే జిల్లాకొక్కరు, ఆ దేశంలో ఆ మాటకు అర్థం వేరు, వీధికి నలుగురు దొరుకుతారు.) ఈ వాదన దేని గురించి? తమ దగ్గరున్న వస్తువు గురించా, తమ చిన్నతనం గురించా, తమ డబ్బు గురించా, లేక వీటిలో దేనికీ చెందని మరొకదాని గురించా? సొంతదారుడికి తన సొత్తు అందం గురించి మాట్లాడే అర్హత ఉందా అన్నది ఈ ప్రశ్నకు అడుగున ఉన్న అసలు చిక్కు.

ముందు వాళ్లు ఏమంటారో వినాలి. 1953 బౌమన్ రంగుల కార్డుల్ని మెచ్చేవాళ్లు పట్టి చూపించే గుణం ఒకటే: ఆ కార్డు నోరు మెదపదు. ముందువైపు ఆటగాడి పేరు లేదు, జట్టు పేరు లేదు, సంతకం లేదు. తెల్లటి అంచు, లోపల సన్నటి నల్లగీత, గీత లోపల రంగుల ఫోటో. అంతే. 160 కార్డుల ఆ వరసలో 33వది పీ వీ రీస్ అనే ఆటగాడిది. దాన్ని అడ్డంగా తిప్పి చూడాలి. నేలమీద జారుకుంటూ వచ్చిన ఆటగాడి మీదుగా రీస్ గాల్లోకి లేచి ఉన్నాడు, బంతి ఇంకా చేయి దాటలేదు. పేరంటూ ఒకటి రాసి ఉంటే చూపు ముందు అక్షరాల మీదికి పోయేది. లేదు కనుక కాళ్ల మీదికి, కాళ్లకూ నేలకూ మధ్యనున్న ఖాళీ మీదికి పోతుంది. టాప్స్ 1952 పక్షం వాళ్లు దీన్ని ఒప్పుకోరు. కార్డు అన్నాక పిల్లవాడికి ఆటగాణ్ణి పరిచయం చేయాలి కదా అంటారు. 1951 శరత్కాలంలో టాప్స్‌లో పనిచేసే సై బెర్గర్, వుడీ గెల్మన్ అనే ఇద్దరు బ్రూక్లిన్‌లో బెర్గర్ ఇంట్లో వంటింటి బల్లమీద అట్టలు, కత్తెర పెట్టుకుని ఆ కార్డుకు రూపు కట్టారు. ముందువైపు పేరు, సంతకం అచ్చు, జట్టు చిహ్నం. వెనకవైపు ఎత్తు, బరువు, నాలుగు మాటల జీవితం, నిరుటి అంకెలు, మొత్తం అంకెలు. ఆ తర్వాత దశాబ్దాలపాటు వచ్చిన కార్డులన్నీ దాదాపు ఆ బాటలోనే నడిచాయి. 1955 బౌమన్ కార్డు మీద చెక్క టీవీపెట్టె బొమ్మ ఉంటుంది, ఆటగాడు ఆ తెరలో కనిపిస్తాడు. అప్పుడప్పుడే ఇళ్లల్లోకి వస్తున్న టీవీని కార్డులోకి తెచ్చిన చమత్కారమని కొందరు మురిసిపోతారు. ఆటగాడికి దక్కాల్సిన చోటంతా టీవీ చెక్క తినేసిందని మరికొందరు విసుక్కుంటారు. 1968 టాప్స్ అంచులో గోనెగుడ్డ నేతలాంటి అచ్చు చూసి ఎగతాళి చేసినవాళ్లకు లెక్కలేదు. ఈ మాటలన్నిటికీ ఒక పోలిక ఉంది. అన్నిటి వెనకా ‘ఎందుకంటే’ అన్న మాట ఉంది. ‘ఎందుకంటే’ తర్వాత వచ్చేది కార్డు మీద కంటికి కనబడేదే, ఎదుటివాడు కూడా చూడగలిగినదే.

అయినా అనుమానం తప్పదు. లక్షలు పోసి కొన్నవాడు తన సరుకు బాగుందనక ఏమంటాడు? ఈ అనుమానానికి ఎప్పుడో పదును పెట్టినవాడు తెలుగువాడే కావడం ఒక విశేషం. పదిహేడో శతాబ్దంలో షాజహాన్ కొలువులో మన్నన పొందిన జగన్నాథ పండితరాయలు రసగంగాధరంలో రమణీయత అంటే ఏమిటో తేల్చబోతూ, అది కలిగించే ఆనందం లోకోత్తరమైనది కావాలన్నాడు. ఆ వెంటనే రెండు ఉదాహరణలతో గిరి గీశాడు. నీకు కొడుకు పుట్టాడు అని ఎవరైనా చెబితే సంతోషమే. నీకు డబ్బిస్తాను అన్నా సంతోషమే. కానీ ఈ సంతోషం ఆ మాటల రమణీయత వల్ల వచ్చింది కాదు. అందులో లాభం ఉంది, నాది అన్న పట్టు ఉంది. కాబట్టి ఆ వాక్యాలు కవిత్వం కావు. జర్మనీలో కాంట్ 1790లో అందాన్ని గురించి రాస్తూ, ఆ వస్తువు ఉండటంతో మనకు ఏ ప్రయోజనమూ లేకుండా కలిగే ఆనందమే అందానికి గుర్తు అన్నప్పుడు దాదాపు ఈ గిరినే మరోవైపునుంచి గీశాడు. ఈ కొలతతో చూస్తే మాంటిల్ కార్డు గలవాడి ఆనందంలో కొంత భాగం కచ్చితంగా కొడుకు పుట్టాడన్న వార్తలాంటిదే. దాన్ని దాచుకోనక్కర్లేదు. అసలు అడగాల్సింది, ఆ ఒక్క ఆనందమే ఉందా, దాని పక్కన రెండోది కూడా ఉందా అని. ఉందనడానికి సాక్ష్యం ధరలకూ మెప్పుకోళ్లకూ పొత్తు కుదరకపోవడమే. డబ్బే నోటితో పలికిస్తుంటే ధర పట్టిక, అందాల పట్టిక ఒకటైపోవాలి. కాలేదు. 1952 మాంటిల్‌ను ప్రాణంగా చూసుకునేవాడే డిజైన్ మాట వచ్చేసరికి 1953 బౌమన్‌కు ఓటు వేయడం వింత కాదు. తన జేబుకు విరుద్ధంగా సాక్ష్యం చెప్పేవాణ్ణి ఏ కోర్టయినా కాస్త నమ్ముతుంది.

డబ్బు కాకపోతే జ్ఞాపకం అంటారు ఇంకొందరు. ఇది బలమైన ఆక్షేపణ. పదేళ్ల వయసులో చేతికొచ్చిన కార్డే ప్రతివాడికీ అందంగా కనబడుతుందని, మిగతాదంతా దానికి తొడిగిన తొడుగని వాదన. బబుల్‌గమ్ కాగితంలోంచి క్రికెటర్ బొమ్మ తీసి నోటుపుస్తకంలో దాచుకున్న తరం మన దగ్గరా ఉంది, వాళ్లకు ఈ మాట వెంటనే గుండెకు తగులుతుంది. అయితే టి206 అని పేరుపడ్డ కార్డుల సంగతేమిటి? 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టిన 524 బొమ్మలవి. ఆ కార్డును పెట్టెలోంచి తీసి చూసిన పిల్లవాడు ఎవడూ ఈరోజు బతికిలేడు. ఆ ఆటగాళ్ల ఆట చూసినవాళ్లూ లేరు. అయినా ఆ కార్డుల్ని మెచ్చుకునేవాళ్లు తగ్గలేదు. రాయిమీద ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు వేసి తీసిన ఆ లితోగ్రాఫుల్లో ముఖం వెనక ఒకే చదును రంగు, నారింజో పచ్చో ఎరుపో. కింద తెల్లటి అంచులో చిన్న అక్షరాల్లో ఇంటిపేరు, ఊరు. వేలెడు వెడల్పు కూడా లేని ఆ బొమ్మలో ముఖం గోడకు పెట్టిన పటంలా నిలబడుతుంది. దీన్ని మెచ్చుకోవడానికి ఎవరి బాల్యమూ అరువు తెచ్చుకోనక్కర్లేదు. అంతేకాదు, జ్ఞాపకమే సర్వస్వమైతే వాదన పుట్టేదే కాదు. మీ అమ్మ చేతి పప్పు మీకు రుచి, మా అమ్మ చేతిది మాకు. దానిమీద ఎవరూ తెల్లవార్లూ వాదించరు. ‘నాకు ఇష్టం’ అన్నచోట మాట ఆగిపోతుంది. ‘ఇది బాగుంది’ అన్నచోట మొదలవుతుంది. జ్ఞాపకం మనిషిని కార్డు దగ్గరికి చేయిపట్టుకుని తీసుకొస్తుంది, ఒప్పుకుందాం. తీసుకొచ్చాక అక్కడ ఏం కనబడుతుందన్నది జ్ఞాపకం చేతిలో లేదు. పదేళ్లప్పుడు తాను ప్రాణం పెట్టిన కార్డు నలభై ఏళ్లు దాటాక చూసి, అయ్యో ఇదేమిటి ఇంత మోటుగా ఉందనుకున్నవాడు కూడా జ్ఞాపకం ఉన్నవాడే.

జేబునూ జ్ఞాపకాన్నీ పక్కన పెడితే డిజైన్ వాదనలో మిగిలేదేమిటి? తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు, ఆయన్నీ తెలుగువాడిగానే చెప్పుకుంటాం, తర్కం చదవడం మొదలుపెట్టే ప్రతి విద్యార్థికీ ఒక భేదం నేర్పుతాడు. కుండ వేరు, కుండతనం వేరు. కుండ అనే వ్యక్తి, అంటే ఒక్కో విడి కుండ, పుడుతుంది, పగులుతుంది, ఒకరిది అవుతుంది. కుండతనం అనే సామాన్యం ఒక్కటే, అనేక కుండల్లో ఒకేలా ఉంటుంది, ఒక కుండ పగిలితే అది పగలదు. కార్డుల లోకంలో ఈ భేదం కళ్లకు కట్టినట్టు కనబడే సంఘటన ఒకటుంది. 1952 టాప్స్‌లో 311 నుంచి 407 వరకు ఉన్న చివరి విడత కార్డులు బేస్‌బాల్ సీజన్ చివర్లో ఆలస్యంగా వచ్చాయి; అప్పటికి పిల్లల మోజు ఫుట్‌బాల్ మీదికి మళ్లింది. అమ్ముడుపోని పెట్టెలు ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్నాయి. 1960లో బెర్గర్ వాటిని చెత్త పడవమీద ఎక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించాడు. మాంటిల్ కార్డు సంఖ్య 311. అంటే మునిగిన పెట్టెల్లో మాంటిల్ కార్డులూ ఉన్నాయి. మునిగిన ప్రతి కార్డుతో మిగిలినవాటి ధర పెరిగింది. మరి డిజైన్? అది వీసమెత్తు పెరగలేదు, తరగలేదు. ధర ప్రతుల సంఖ్యను పట్టుకుని ఊగుతుంది, అందానికి ఆ సంఖ్యతో పనిలేదు. అందుకే, సొంతదారుడు డిజైన్ గురించి మాట్లాడుతున్నప్పుడు తన అల్మారాలో తాళంవేసి పెట్టుకున్నదాని గురించి మాట్లాడటం లేదు. ఆ డిజైన్ 1.26 కోట్ల డాలర్ల కార్డులో ఎంత ఉందో, మడతలుపడి మూలలు అరిగి మాంటిల్ ముఖం మీద పిల్లవాడి పెన్సిలు గీత ఉన్న కార్డులోనూ అంతే ఉంది. సేకరణ అంతటిలో ఎవరూ కొనలేనిది, ఎవరికీ పంచి ఇవ్వలేనిది అదొక్కటే. దేవుడి గదిలో రవివర్మ లక్ష్మి పటం పెట్టుకున్న ఇల్లాలు, అదీ ఆ రోజుల్లో రాయి అచ్చులోంచి వచ్చిన రంగుల బొమ్మే, మా పటంలో ఉన్నదే అసలు లక్ష్మి, పక్కింట్లోది నకలు అని ఎన్నడూ అనదు. కూడబెట్టేవాళ్లు మిగతా సమయమంతా ‘నాది’ అనేవాళ్లే, సందేహం లేదు. డిజైన్ మాట వచ్చిన ఆ కాసేపు మాత్రం వాళ్ల నోట ‘నాది’ అన్న మాట రాదు, వచ్చినా వాదనలో చెల్లదు. నా కార్డు కాబట్టి అందంగా ఉంది అన్న వాక్యానికి ఆ సభలో నవ్వే జవాబు.

ఇక్కడ నిజంగా గట్టిదైన ఆక్షేపణ ఎదురవుతుంది. సామాన్యం గాల్లో వేలాడదు కదా, వ్యక్తిలోనే కనబడాలి. 1971 టాప్స్ కార్డునే తీసుకోండి. 752 కార్డుల ఆ వరసకంతా నల్లటి అంచు. తెల్లటి అట్టమీద నల్లసిరా పరిచారు. కోత పడ్డచోటల్లా, గోరు తగిలినచోటల్లా సిరా రాలి కింది తెలుపు బయటపడుతుంది. తెల్ల అంచు కార్డు ఇదే దెబ్బ తిన్నా కనబడనివ్వదు. నల్లది ఒక్క గీరునూ దాచదు. 1911 నాటి టి205 కార్డుల బంగారు అంచుదీ ఇదే కష్టం. మచ్చలేని నల్ల అంచు కార్డు ఎంతో అరుదు. మరి మూలలు తెల్లబడ్డ కార్డులో ఆ డిజైన్ ‘అంతే’ ఉందని ఎలా అంటాం? ఈ మాటలో సగం ఒప్పుకోవాలి. ప్రతి పాడైతే డిజైన్ కనబడటం కష్టమవుతుంది, అసలు లేకుండా పోతే కనబడదు. కానీ తెల్లబడ్డ మూల చూసి కన్ను ఏం చేస్తుందో గమనించండి. ఇక్కడ నలుపు ఉండాల్సింది అని పూరించుకుంటుంది. ఏది పోయిందో చెప్పగలిగామంటే, పోనిదేదో మనకు తెలుసన్నమాట. పైగా నల్ల అంచు కార్డు అందం గురించినదీ, అరుగుదల గురించినదీ అనే రెండు వేరు తీర్పుల్ని విడదీసి చూపిస్తుంది. దాచుకోవడానికి ఇంత చెడ్డ డిజైన్ మరొకటి లేదని తిట్టుకునే మనిషే, ఆల్బంలో తొమ్మిది కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంత ఠీవైనది ఇంకోటి లేదంటాడు. మొదటిది సొంతదారుడి గొంతు, రెండోది చూపరి గొంతు. రెండూ ఒకే నోట వస్తాయి, అయినా కలిసిపోవు.

ఆ రెండు గొంతుల్లో మొదటిదానికి ఒక సంస్థాగత రూపం 1991లో వచ్చింది. కార్డును పరీక్షించి, 1 నుంచి 10 వరకు మార్కు వేసి, ప్లాస్టిక్ పలకలో బిగించి ఇచ్చే పీఎస్‌ఏ అనే సంస్థ మొదలైంది. అది మొట్టమొదట మార్కు వేసిన కార్డు టి206 వరసలోని హోనస్ వాగ్నర్‌ది, పడింది 8. ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని 2013లో ఒక వేలందారు ఫెడరల్ కోర్టులో ఒప్పుకున్నాడు. కథ నీతి కోసం దీన్ని చెప్పడం లేదు. ఆ మార్కు దేన్ని కొలుస్తోందో చూడమంటున్నాను: మూలల వాడి, అంచుల శుభ్రత, ఉపరితలం, బొమ్మ అంచుల మధ్యకు వచ్చిందా లేదా. వాగ్నర్ ముఖం వెనక ఆ నారింజ రంగు ఎందుకు పనిచేస్తుందన్నది అందులో లేదు, ఉండడానికి వీల్లేదు, ఎందుకంటే అది అన్ని వాగ్నర్ కార్డులకూ సమానం. సమానమైనదాన్ని అమ్ముకోవడం కుదరదు. బజారుకు తేడా కావాలి. పదో వంతు అంగుళం తేడా అయినా చాలు. ఇందులో మోసమేమీ లేదు, బజారు పని అదే. చిక్కల్లా, మార్కు చూసి కార్డు చూడటం మానేసే అలవాటు. పండితరాయలు రమణీయతకు కారణం చెబుతూ భావన అన్నాడు, అంటే ఒకే అర్థాన్ని మనసు మళ్లీ మళ్లీ తిప్పుకోవడం. సొంతం చేసుకోవడంలో న్యాయమైన లాభం ఏదైనా ఉంటే ఇదే. దగ్గరుంది కాబట్టి మళ్లీ మళ్లీ చూడొచ్చు. వెయ్యిసార్లు చూసినవాడికే 1953 బౌమన్ మౌనం వినబడుతుంది. ఆ లెక్కన సొంతం కావడం అందాన్ని గుర్తించడానికి అడ్డు కాదు, తోవ. లాకర్లో పెట్టి తాళం వేసినప్పుడు మాత్రం ఆ తోవ మూసుకుపోతుంది.

సిగరెట్లు అమ్ముకోవడానికి, గమ్ అమ్ముకోవడానికి అచ్చేసిన చిల్లర బొమ్మల మీద ఇంత తర్కం దేనికి అనేవాళ్లకు జవాబు క్లుప్తంగా చెప్పొచ్చు. ఏ పనికి పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఎలా కనబడుతోందన్నది మరో ప్రశ్న. దీపపు కుందె నూనె పోయడానికే పుట్టింది, అయినా దాని అందాన్ని ఎవరూ కాదనరు. వాదన ఏనాటికీ తెగదు కాబట్టి అందులో నిజం లేదనేవాళ్లతో కాస్త ఆగాలి. తెగనిది పైమెట్టు వాదనే. బౌమన్ గొప్పా టాప్స్ గొప్పా అన్నది తెగదు. కానీ దాని కింద తెగిపోయినవి ఎన్నో ఉన్నాయి. పేరు లేకపోవడం వల్ల చూపు ఫోటోమీదే నిలుస్తుందని టాప్స్ పక్షమూ ఒప్పుకుంటుంది. అందువల్ల ఆటగాడెవరో తెలియడానికి కార్డు వెనక్కి తిప్పాల్సి వస్తోందని బౌమన్ పక్షమూ ఒప్పుకుంటుంది. తగవు ఏ గుణం ఎక్కువ విలువైనదని, గుణం ఉందా లేదా అని కాదు. మన దగ్గర పోతన గొప్పా, శ్రీనాథుడు గొప్పా అన్న తగవు ఇన్ని వందల ఏళ్లయినా తెగలేదని వాళ్ల పద్యాల్లో అందం లేదని ఎవరూ తేల్చలేదు.

టి206, టి205 అన్న పేర్లు పెట్టినవాడు జెఫర్సన్ బర్డిక్, న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్ వాసి. విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీలో పనివాడు, కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయిన మనిషి. కార్డుల్ని రకాలుగా విభజించి, ఒక్కో రకానికి అక్షరం, సంఖ్య ఇచ్చి జాబితా కట్టాడు. కుండల్ని లెక్కపెట్టేవాళ్ల మధ్య కుండతనాల పట్టిక రాసిన మనిషనొచ్చు. తన దగ్గరున్న 3 లక్షల పైచిలుకు కాగితపు ముక్కల్ని, వాటిలో 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డులే, న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఇచ్చి ఊరుకోలేదు, ఏళ్లపాటు అక్కడే కూర్చుని వరసల ప్రకారం ఆల్బం పేజీల్లోకి ఎక్కించాడు. 1963 జనవరిలో ఆ పని ముగిసింది, మరో రెండు నెలలకు ఆయన పోయాడు. ఆయన కార్డుల్ని పేజీలకు జిగురుతో అంటించాడు. ఇవాళ్టి కొలతతో అది ఘోరం. వెనకవైపు జిగురంటిన కార్డుకు ఏ పలక మీదా పెద్ద మార్కు పడదు. ముందువైపు మాత్రం ఆ చదును రంగులు, ఆ ముఖాలు, కింద తెల్ల అంచులో చిన్న అక్షరాల్లో ఇంటిపేరు, ఊరు, అలాగే ఉన్నాయి. మ్యూజియం వాళ్లు కొన్నికొన్నిగా, విడతలవారీగా గోడకు పెడుతుంటారు.